చప్పుడు లేని మీటలు

మా నాన్నగారు టైపిస్టు. పదవీ విరమణ చేసి పదహారేళ్ళయినా యిప్పటికీ టైపిస్టే. వూరికే కూర్చున్నప్పుడు కూడా వారి వ్రేళ్ళు పంచెమీద ఆడుతూనే వుంటాయి. మేము పదవ తరగతి ప్యాసయిన వేసవిలో మమ్మల్ని తిరువల్లిక్కేణిలో ఒక టైపు యిన్‌స్టిట్యూటులో చేర్పించినది వారే. నిమిషానికి 30 మాటల లోయరు పరీక్ష మేము రెండోసారికి గాని గట్టెక్కలేదు. వారు 45 మాటల హయ్యరు ఫస్టు క్లాసులో ప్యాసయినవారు. ఆ సంగతి మా యింటికి వచ్చిన చుట్టాలందరికీ తెలుసు.

నాలుగేళ్ళ క్రిందట నీటికాసులు వచ్చి వారి చూపు బాగా తగ్గిపోయింది. అయినా టైపుకు చూపుతో పనేమిటి? మీటలు చూచి కొట్టినవాడికి యిన్‌స్టిట్యూటులో వ్రేళ్ళమీద స్కేలు దెబ్బ పడేది గదా! రిబ్బను దొరకక, బాగుచేసేవాడు లేక పాత మిషను అటకెక్కింది. మా అమ్మాయి చదువుకని కొన్న కంప్యూటరు మీదనే నాన్నగారు యిరుగుపొరుగువారి అర్జీలు కొట్టిపెట్టేవారు.

కిందటి యేడు ఎదురింటి మామి ఆస్పత్రి ఖర్చుల కోసం 15,000 రూపాయలకు అర్జీ పెట్టుకున్నది. నాన్నగారు కొట్టారు, అమ్మాయి ప్రింటు తీసింది, మామి సంతకం చేసింది. సున్నా ఒకటి పడలేదు. బిల్లులో ఒక అంకె, అర్జీలో ఒక అంకె వున్నదని చెప్పి ఆ ఆఫీసువారు కాగితం తిప్పి పంపేసరికి రెండు నెలలయింది. మేము రోజంతా పరుల కాగితాలు సరిచూచి జీతం తీసుకునేవాళ్ళం. యింట్లో ఆ ఒక్క కాగితమూ చూడలేదు. మామి యేమీ అనలేదు. అనకపోవడమే నాన్నగారికి గుచ్చుకున్నది. కీబోర్డు మీద తువ్వాలు కప్పేసి, "పలకని యంత్రాన్ని నమ్మకూడదురా" అన్నారు.

నిజమే. టైపు మిషను చప్పుడు వట్టి రొద కాదు. అక్షరం రిబ్బను మీదుగా కాగితాన్ని తాకిన చప్పుడది. రసీదు వంటిది. వరుస చివరికి కొద్ది అక్షరాలుండగా గంట మ్రోగేది. నాన్నగారు నలభై యేళ్ళు ఆ రెండు చప్పుళ్ళ మీదనే బ్రతికారు.

మేము రిచ్చీ వీధికి పోయి, టక్కుటక్కుమనే ఖరీదైన మెకానికల్ కీబోర్డు ఒకటి తెచ్చాము. నాన్నగారు రెండు వరుసలు కొట్టి, దాని తీగ పీకెయ్యమన్నారు. పీకాము. మళ్ళీ కొట్టారు. అదే టక్కుటక్కు! "చూచావా, అక్షరం చేరకపోయినా యిది చేరినట్లే కూస్తుంది" అన్నారు. డబ్బు పోయిందని మా యింట్లో ఆమె రెండు రోజులు మాతో ముక్తసరిగా మాట్లాడింది.

కంప్యూటరులో మా అమ్మాయి వేసుకున్నది డెబియన్ లినక్స్. దాని ఆధారంగానే మన చెన్నైలోని సీ-డాక్ వారు 2007లో బాస్ అనే లినక్సును విడుదల చేశారు. ప్రతి అక్షరాన్నీ పైకి చదివే ఓర్కా ప్రోగ్రాము వుందని అమ్మాయి చెప్పింది. "నా వేగానికి అది నత్తి కొడుతుందమ్మా" అన్నారు తాతగారు. అప్పుడు 'ఎక్స్‌సెట్ సి 50' అనే ఆజ్ఞ కొట్టింది. మీట నొక్కితే చప్పుడు రావాలట. యంత్రం కిమ్మనకుండా ఆజ్ఞ పుచ్చుకున్నది. చప్పుడు మాత్రం లేదు. 1978లో వచ్చిన డెక్ కంపెనీ వీటీ-100 టెర్మినలుకు కీబోర్డులోనే చిన్న స్పీకరు వుండేది. అటువంటి కీబోర్డులకు చెల్లే ఆజ్ఞ యిది. మా కీబోర్డుకు నోరే లేదు, యేమని పలుకుతుంది?

తరువాత దొరికింది బకిల్‌స్ప్రింగ్ అనే ప్రోగ్రాము. 1980లలో వచ్చిన ఐబీఎం మోడల్-ఎం కీబోర్డు చప్పుళ్ళను అందులో రికార్డు చేసి పెట్టారు. మీట నొక్కితే ఒక చప్పుడు, వదిలితే ఒకటి. ఎడమవైపు మీటల చప్పుడు ఎడమ స్పీకరు వైపునుంచే వస్తుంది. నాన్నగారు మళ్ళీ తీగ పీకించారు. నొక్కారు. పాత కీబోర్డు మెత్తగా దిగింది గాని స్పీకరు పలకలేదు. తీగ పెట్టగానే పలికింది. అక్షరం యంత్రానికి చేరితేనే అది మ్రోగుతుంది! చాలాకాలానికి వారు నవ్వారు.

యిక గంట. 1963నాటి ఆస్కీ పట్టికలో 7వ సంఖ్య అక్షరం కాదు, గంట. ఆనాటి టెలిప్రింటర్లలో ఆ సంఖ్య వస్తే నిజం గంటే మ్రోగేది. యిప్పటికీ కంట్రోలు మీట పట్టుకొని జి నొక్కితే పుట్టేది ఆ సంఖ్యే. కాని మా కంప్యూటరుకు ఆ గంట పలికే బజ్జరు లేదు. పూర్వం క్యాబినెట్టుతోనే వచ్చేది. మళ్ళీ రిచ్చీ వీధికి పోతే, కొట్టతను డబ్బా అడుగున వెదికి బొటనవ్రేలి గోరంత బజ్జరు ఒకటి తీసి యిచ్చాడు. మదర్‌బోర్డు మీద స్పీకరు అని వ్రాసి వున్న పిన్నులకు తగిలించాము. లినక్సులో పీసీ స్పీకరును పలికించే మాడ్యూలు ఒకటి వున్నది. అమ్మాయి 'మోడ్‌ప్రోబ్' ఆజ్ఞతో దాన్ని పిలిచి, 'ఎక్స్‌సెట్ బి 100 1000 100' అని కొట్టింది. వరుసగా బిగ్గరతనం, స్థాయి, మ్రోగే వ్యవధి.

అసలు వింత ఎక్స్‌టర్మ్ అనే పాత టెర్మినల్ ప్రోగ్రాములో వున్నది. దాన్ని తెరిచేటప్పుడు హైఫను పెట్టి 'ఎంబి' అని తగిలిస్తే, వరుస చివరికి 10 అక్షరాలుండగా గంట కొడుతుంది! అచ్చం టైపు మిషనే. యెవరో టైపు నేర్చిన మహానుభావుడు పెట్టి వుంటాడని మా నమ్మకం. పది మరీ ముందని నాన్నగారు సణిగితే, 'ఎన్‌బి 7' అని చేర్చి యేడుకు దించాము.

మామి ఆ అర్జీని మరొకచోట కొట్టించుకోలేదు. బిల్లుతో సహా అలాగే దాచి వుంచింది. మొన్న శుక్రవారం తెచ్చి నాన్నగారి ముందు పెట్టింది. మేము చదువుతూంటే వారు కొట్టారు. అంకె దగ్గరికి వచ్చేసరికి వేగం తగ్గించి, ప్రతి సున్నాకూ వ్రేలు పైకెత్తి విన్నారు. మూడు సున్నాలు, మూడు టక్కులు. ప్రింటును మేము రెండుసార్లు, అమ్మాయి ఒకసారి చదివాము. 15,000 సరిగ్గానే వున్నది.

రాత్రి పదింటికి కూడా చప్పుడు ఆగకపోయేసరికి లోపలి గదినుంచి మా అమ్మ, "యెవరి అర్జీ అండీ యీ వేళప్పుడు?" అని అడిగింది. యెవరిదీ కాదు. నాన్నగారు చేతివాటం చూచుకుంటున్నారు. అమ్మాయి లేచి స్పీకరు కొంచెం తగ్గించి వచ్చింది.