మంద కుక్కకు ఆపరేషన్

మహబూబ్‌నగర్ పశువుల దవాఖానలో పొద్దున తొమ్మిదింటికి గొర్రెల వంతు నడుస్తోంది. నట్టల మందు కోసం వచ్చినవాళ్లు, కాలు పట్టేసిన మేకను భుజాన వేసుకొచ్చినవాళ్లు, పాలు ఎగ్గొట్టిన బర్రె గురించి చెప్పి మందు మాత్రమే పట్టుకుపోదామని వచ్చినవాళ్లు. వాళ్లందరి వెనక, వేపచెట్టు మొదట్లో ఒక ముసలాయన నల్ల గొంగడిలో చుట్టిన కుక్కను ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు. కుక్క పడుకోలేదు. ముందుకాళ్లు రెండూ ఎడంగా పెట్టి, మోచేతులు బయటికి తోసి, మెడ చాచి కూర్చుంది. నోరు తెరిచే ఉంది. మంద వెంట తిరిగే కుక్కంటే చురుగ్గా, కొత్త మనిషిని చూడగానే లేచి గుర్రుమనేదిగా ఉండాలి. ఇది నా వైపు కళ్లు మాత్రం తిప్పింది.

ఆయనది అడ్డాకల్ వైపు ఊరు. అరవై గొర్లు, ఒక కుక్క. దాని పేరు మోతి.

"నాలుగు దినాల సంది పండుకుంటలేదమ్మా" అన్నాడు డాక్టరమ్మతో. "కూసునే కునుకుతది. పట్టి పండవెడితే గుంజుకుంటది. బుక్క తిన్నదంటే కక్కుకుంటది."

"బండేమన్నా తాకిందా తాతా?"

"పది దినాలాయె. మంద పెద్ద రోడ్డు దాటంగ కారు తాకింది. మల్ల లేసి ఉరికింది. ఏం గాలేదనుకున్న."

ఆ ఒక్కమాటతో డాక్టరమ్మ చేయి ఆగింది. కుక్క పొట్టను చూసింది. నడుము దగ్గర పొట్ట వీపుకు అంటుకుపోయి, లోపలున్నవన్నీ ఎవరో తీసేసినట్టు ఖాళీగా ఉంది. ఎడమ పక్కటెముకల మీద స్టెతస్కోప్ పెట్టింది, తర్వాత కుడివైపు. చాలాసేపు విన్నాక చెవుల్లోంచి తీసి నాకిచ్చింది. ఎడమవైపు ఊపిరి ఈల వేసినట్టు వినిపించింది. కుడివైపు ఊపిరే లేదు. దాని బదులు గుడగుడమని పేగుల చప్పుడు. ఛాతీలో పేగుల చప్పుడు వినడం నాకదే మొదలు.

ఛాతీకీ పొట్టకూ మధ్య గొడుగులా పరుచుకున్న కండపొర డయాఫ్రమ్. మనమూ కుక్కా ఊపిరి పీల్చేది ప్రధానంగా దాంతోనే. బండి వచ్చి పొట్ట మీద గుద్దినప్పుడు లోపలి ఒత్తిడి ఒక్కసారిగా పైకి తన్నుతుంది. ఆ క్షణంలో గొంతు తెరుచుకొని ఉంటే ఊపిరితిత్తులు గాలి వదిలేస్తాయి. అవతలి నుంచి ఆపే బలం ఉండదు. మధ్యనున్న పొర చిరుగుతుంది. చిరిగిన చోటినుంచి కాలేయం, పేగులు, ఒక్కోసారి జీర్ణాశయం కూడా ఛాతీలోకి ఎక్కుతాయి. పైకి చిన్న గీత కూడా ఉండదు. కుక్క లేచి పరిగెడుతుంది, యజమాని దేవుడికి దండం పెట్టుకుంటాడు. ఆ తర్వాత రోజుల్లోనో వారాల్లోనో ఊపిరి అందదు.

నా సొంత సంగతి ఇక్కడ చెప్పాలి. నల్లగొండలో మా ఇంటి కుక్కకు కూడా ఇలాగే మోటార్‌సైకిల్ తగిలింది. లేచి వాకిట్లోకి వచ్చి తోక ఊపింది. మేమూ ఏం కాలేదనుకున్నాం. తొమ్మిదో రోజు మెట్ల మీద కూర్చున్నది కూర్చున్నట్టే ప్రాణం విడిచింది. ఏం జరిగిందో మాకు చాలా ఏళ్లు తెలియలేదు. ఆ చెట్టు కింద మోతి కూర్చున్న తీరు చూసినప్పుడే నాకు తెలిసింది.

ఎక్స్‌రే పక్క వీధిలో, మనుషులకు తీసే చోట మధ్యాహ్నం రద్దీ తగ్గాక తీయించారు. ఫిల్మును వెలుతురుకు పట్టి చూపించింది డాక్టరమ్మ. ఉండాల్సిన గొడుగు గీత సగం లేదు. గుండె అంచు కనపడదు. దాని చుట్టూ గాలి నిండిన పేగుల ఉంగరాలు. "కుట్లు వేస్తాం, కాళ్లు కడతాం, చీము పట్టిన గర్భసంచి తీస్తాం, అవన్నీ ఇక్కడే చేస్తాం. దీనికి మాత్రం పొట్ట కోయగానే ఛాతీ తెరుచుకున్నట్టే. ఆ క్షణం నుంచి కుక్క తనంతట తాను గాలి పీల్చుకోలేదు. దాని బదులు మనం పీల్చాలి" అంది. చీటీ మీద రాజేంద్రనగర్ అని రాసింది.

ముసలాయన మేనల్లుడి ట్రాలీ ఆటోలో బయలుదేరాం. జడ్చర్ల దాటాక చీకటి పడింది. మోతి వంద కిలోమీటర్లకు కాస్త తక్కువైన ఆ దారి పొడుగునా కూర్చునే వచ్చింది. గుంతల్లో ఆటో ఎగిరినప్పుడల్లా ముసలాయన దాని ఛాతీ కింద అరచేయి పెట్టి పట్టుకున్నాడు. ముసలాయన వాళ్ల అడ్డాకల్ మండలంలోనే ఉన్న పొన్నకల్‌లో 2024 ఫిబ్రవరిలో రాత్రికి రాత్రి సుమారు 20 వీధికుక్కలను తుపాకీతో కాల్చి చంపారు. ఆ మాటెత్తితే ఆయన చాలాసేపు పలకలేదు. తర్వాత "గొర్లకాడ కుక్క లేకపోతే తోడేలు తెల్లారనియ్యది సారూ" అని మాత్రం అన్నాడు.

రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల 1946లో మొదలైంది. ఇప్పుడు అది 2014లో ఏర్పడ్డ పి.వి. నరసింహారావు తెలంగాణ వెటర్నరీ విశ్వవిద్యాలయంలో భాగం. అక్కడి బోధనాసుపత్రి వరండాలో పొద్దున్నే ఖరీదైన జాతి కుక్కలూ వీధికుక్కలూ ఒకే బల్ల పక్కన వరుసలో నిలబడతాయి. అది నాకెంతో నచ్చింది. కన్ను పక్కన ఎర్రటి గడ్డ పొంగిన కుక్కపిల్ల ఒకటి, చెవి రక్తంతో బూరెలా ఉబ్బిన లాబ్రడార్ ఒకటి, మూత్రంలో రాళ్లు పడి విలవిల్లాడుతున్న డాల్మేషియన్ ఒకటి. ఈ మచ్చల జాతిలో యూరిక్ ఆమ్లాన్ని వేరే పదార్థంగా మార్చే ఏర్పాటు పుట్టుకతోనే దెబ్బతిని ఉంటుంది. అందుకే మిగతా కుక్కల కన్నా వీటికే ఆ రకం రాళ్లు ఎక్కువ పడతాయట.

మోతి వంతు పదకొండు గంటలకు వచ్చింది. సర్జన్ యాభై దాటిన ప్రొఫెసర్. ఆయన చుట్టూ నలుగురు పీజీ విద్యార్థులు. ఒకటే మాట మళ్లీ మళ్లీ చెప్పారు: "ట్యూబు పడేదాకా దాన్ని వెల్లకిలా వెయ్యొద్దు." వెల్లకిలా వేస్తే ఛాతీలోకి ఎక్కిన కాలేయం మిగిలిన ఊపిరితిత్తి మీద కూర్చుంటుంది. కాబట్టి కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే ఉంచి, మూతికి ఆక్సిజన్ మాస్కు పట్టుకున్నారు. అయిదు నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ముందుకాలి నరంలోకి తెల్లటి ప్రొపొఫాల్ వెళ్లింది. మెడ వాలీ వాలకముందే ఒక అమ్మాయి నాలుక లాగి గొంతులోకి ట్యూబు దింపింది. ఇంకో అబ్బాయి నల్ల రబ్బరు సంచిని నొక్కడం మొదలుపెట్టాడు. నొక్కినప్పుడు మోతి ఛాతీ లేచింది, వదిలినప్పుడు దిగింది.

ఆ సంచి మీద చేయి చూస్తుంటే నాకు మన హైదరాబాద్ పాత కథ ఒకటి గుర్తొచ్చింది. కుక్కలకూ మత్తుమందుకూ ఈ నేలతో ఉన్న సంబంధం చిన్నది కాదు. 1888లో, మళ్లీ 1889లో హైదరాబాద్‌లో క్లోరోఫామ్ కమిషన్లు కూర్చున్నాయి. రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ నడిపించాడు. ఖర్చు ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్‌ది. పాలమూరుకు మహబూబ్‌నగర్ అన్న పేరు ఆయన వల్లే వచ్చింది. రెండో కమిషన్ కోసం లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే ప్రసిద్ధ వైద్యుడు వచ్చాడు. వందల జంతువులకు, ఎక్కువగా కుక్కలకు, చనిపోయేదాకా క్లోరోఫామ్ ఇచ్చి ముందు ఆగేది ఊపిరా గుండెనా అని చూశారు. ఊపిరే ముందు ఆగుతుంది, కాబట్టి మత్తు ఇచ్చేవాడు ఊపిరినే కనిపెట్టుకొని ఉంటే చాలు, నాడి చూడక్కర్లేదు అన్నది లారీ తేల్చిన సంగతి. అది సగమే నిజం. క్లోరోఫామ్ తక్కువ మోతాదులో ఉన్నప్పుడు కూడా గుండె గతి తప్పి ఉన్నట్టుండి ఆగగలదని 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది. మహబూబ్ అలీ ఖాన్ చనిపోయిందీ ఆ ఏడే.

ఆ కుక్కల ప్రాణాలతో నేర్చుకున్న పాఠం ఈ బల్ల దగ్గర నాకు రెండు చేతులుగా కనిపించింది. ఒక అబ్బాయి చేయి సంచి మీద ఉంది. ఇంకో అమ్మాయి రెండు వేళ్లు మోతి తొడ లోపలి నాడి మీద ఉన్నాయి. గంటన్నర సేపు ఆ రెండు చేతులూ తీయలేదు. ఆపరేషన్ అంటే కత్తి పట్టిన మనిషినే చూస్తాం. ఆ రోజు నేను మాత్రం ఎక్కువసేపు వీళ్లిద్దరినే చూశాను.

రొమ్ము ఎముక కొస నుంచి బొడ్డు దాకా కోత పడింది. పొట్టలో నిజంగానే ఖాళీ. సర్జన్ వేళ్లు పక్కటెముకల కిందికి వెళ్లి ఆగాయి. "ఇదిగో" అన్నారు. కుడివైపున మూడు వేళ్లు పట్టేంత చిరుగు. అందులోంచి మొదట చిన్నపేగు బయటికి వచ్చింది, జారుకుంటూ, ఎంతకీ అయిపోకుండా. తర్వాత కొవ్వు పొర. చివర కాలేయపు రెండు తమ్మెలు, చిరుగు అంచుల మధ్య నొక్కుకుపోయి వంకాయ రంగుకు తిరిగాయి. అవి తేలిగ్గా రాలేదు. సర్జన్ లాగలేదు. కత్తెరతో చిరుగునే ఇంకొంచెం పెద్దది చేశారు. లాగితే కాలేయం చిట్లుతుంది, చిట్లితే నెత్తురు ఆపలేం, పొరను మాత్రం ఎంత కోసినా మళ్లీ కుట్టొచ్చు అని విద్యార్థులకు చెప్పారు. తమ్మెలు కిందికి దిగాక అయిదారు నిమిషాలకు వాటి రంగు మారుతూ రావడం నేను కళ్లారా చూశాను. వంకాయ రంగు పోయి ఇటుక రంగు వచ్చింది.

చిరుగులోంచి ఊపిరితిత్తి కనిపించింది. అరచేతిలో సగం కూడా లేదు, ముడుచుకొని ఉంది. సంచి నొక్కుతున్న అబ్బాయి దాన్ని చూసి కొంచెం గట్టిగా నొక్కబోయాడు. "వద్దు నాన్నా, మెల్లగా" అన్నారు సర్జన్. పది రోజులు ముడుచుకున్న ఊపిరితిత్తిని ఒక్కసారి ఉబ్బిస్తే అందులో నీరు ఊరుతుంది. ఆపరేషన్ బాగా జరిగిందనుకున్న కుక్కలు ఆ రాత్రే పోయేది అందుకే.

కుట్లు లోతున ఉన్న కొస నుంచి మొదలయ్యాయి. ఆఖరి ముడి వేసే ముందు సన్నటి గొట్టం లోపలికి పెట్టి, ముడి బిగించాక సిరంజితో ఛాతీలోని గాలి కొద్దికొద్దిగా లాగేశారు. పొట్టలో గోరువెచ్చటి సెలైన్ పోసి బుడగలు వస్తాయేమో చూశారు. రాలేదు. కాసేపు సంచి నొక్కడం ఆపారు. గదిలో అందరి కళ్లూ ఛాతీ మీదే. ఒకటి, రెండు, మూడు... ఎన్ని లెక్కపెట్టానో గుర్తులేదు. మోతి ఛాతీ దానంతట అదే లేచింది.

బయట ముసలాయనకు చెబితే రెండు చేతులూ నెత్తిన పెట్టుకొని అక్కడే నేల మీద కూర్చున్నాడు.

వారం తర్వాత నల్లగొండలో ఇంకో కుక్కను చూశాను. దీనికి కత్తి అవసరం పడలేదు. క్లాక్ టవర్ దగ్గర చాయ్ బండి ఆయన తెచ్చిన వీధికుక్క, మర్మాంగం దగ్గర కాలీఫ్లవర్ లాంటి గడ్డ, నెత్తురు కారుతోంది. చూసినవాళ్లంతా ఇక లాభం లేదన్నారట. ఇది అంటుకునే క్యాన్సర్. కుక్క నుంచి కుక్కకు జత కట్టేటప్పుడు క్యాన్సర్ కణాలే నేరుగా పాకుతాయి. అంటే ఈ గడ్డలోని కణాలు ఈ కుక్కవి కావు. కొన్ని వేల ఏళ్ల కింద ఆసియాలో బతికిన ఏదో ఒక కుక్క శరీరంలో పుట్టిన కణాల వారసులు. ఆ కుక్క ఎప్పుడో మట్టిలో కలిసింది, దాని కణాలు మాత్రం ప్రపంచమంతా ఒంటి నుంచి ఒంటికి మారుతూ ఇంకా బతికే ఉన్నాయి. ఇంత భయంకరమైన గడ్డకు మందు విన్‌క్రిస్టిన్. వారానికొక ఇంజెక్షన్, సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు. ఆ మందు బిళ్లగన్నేరు నుంచి తీసిందే, మన ఇళ్ల ముందు గులాబీ, తెలుపు రంగుల్లో నీళ్లు పోయకపోయినా పూసే చెట్టు. నరం లోపలే పడాలి, చుక్క బయట కారితే కండ కుళ్లుతుంది. అందుకే అక్కడి డాక్టర్‌గారు సూది పెట్టాక రెండుసార్లు సరిచూసుకున్నారు. ఆ రోజు మూడో ఇంజెక్షన్. గడ్డ రేగుపండంత అయింది. చాయ్ బండి ఆయన ప్రతి బుధవారం గంటసేపు బండి మూసుకొని వస్తున్నాడు.

నేను వెళ్లింది వింత రోగాల గురించి రాద్దామని. రెండు జిల్లాలూ తిరిగాక నాకు తోచింది ఇది: ఈ రోగాలు అరుదైనవి కావు, వాటితో బల్ల దాకా వచ్చే కుక్కలే అరుదు. మిగతావి చెట్ల కింద, మెట్ల మీద, రోడ్డు పక్కన పోతాయి, మా ఇంటి కుక్క పోయినట్టు. పాలమూరు, నల్లగొండ వంటి జిల్లా కేంద్రాల్లో జంతువులకంటూ ఒక ఎక్స్‌రే, ఒక ఆక్సిజన్ సిలిండర్, ఊపిరి అందించే ఏర్పాటు ఉండాలి. రాత్రిపూట వంద కిలోమీటర్లు కూర్చొని వెళ్లగలిగే ఓపిక ప్రతి కుక్కకూ ఉండదు, ఆటో కిరాయి ప్రతి కాపరి దగ్గరా ఉండదు.

మోతి ఆపరేషన్ అయిన పన్నెండో రోజు అడ్డాకల్ వైపు వెళ్లాను. కుట్లు తీసేశారు. పొట్ట మీద గొరిగిన చోట కొత్త వెంట్రుకలు గరుగ్గా మొలుస్తున్నాయి. మధ్యాహ్నం ఎండకు గొర్లన్నీ తుమ్మచెట్టు నీడన చేరాయి. మోతి గొంగడి మీద పక్కకు పడుకొని, నాలుగు కాళ్లూ చాచి నిద్రపోతోంది.

మీ కుక్కకు గానీ, మీ వీధి కుక్కకు గానీ బండి తగిలితే, లేచి పరిగెత్తిందని వదిలేయకండి. ఆ రోజే డాక్టర్‌కు చూపించండి, తర్వాత రెండు మూడు వారాలు కనిపెట్టి ఉండండి. పడుకోకుండా కూర్చునే కునుకుతున్నా, మోచేతులు ఎడంగా పెట్టి ఊపిరి తీస్తున్నా, పొట్ట ఉన్నట్టుండి లోపలికి పోయినా తెల్లారేదాకా ఆగొద్దు. తీసుకెళ్లేటప్పుడు దాన్ని బలవంతంగా పడుకోబెట్టకండి, కూర్చోనివ్వండి.