పిండినీళ్ల దెయ్యం

గత అక్టోబరులో ఓ రాత్రి న్యూజెర్సీ నుంచి మా అప్ప ఫోన్ చేసింది. హాలోవీన్ దగ్గరపడుతోంది, ఇంటిముందు సిమెంటు దారి మీద దెయ్యం బొమ్మలు వెయ్యాలని కూతురి గొడవ. అద్దె ఇల్లు. కొన్న రంగు వేస్తే పోదు, ఇంటాయన ఊరుకోడు. మొక్కజొన్న పిండీ నీళ్లూ సమానంగా కలిపి వంటల్లో వాడే రంగు నాలుగు చుక్కలు వేస్తే, వానకి కొట్టుకుపోయే రంగు తయారవుతుందని ఎవరో చెప్పారట. "అమ్మ చేసేది కదే, బియ్యంతో! అదెలాగో అడిగి చెప్పు" అంది.

నేనప్పుడు ఊళ్లోనే ఉన్నాను. పలాస దగ్గర ఉద్దానం పల్లె మాది. స్త్రీల రచనల మీద డాక్టరేట్ చేశాను. అమ్మ గోడల మీద గీసినవాటికి నా సిద్ధాంతవ్యాసంలో కనీసం ఒక పాదసూచికైనా దక్కలేదు. సంతకం లేనిది, వారం తిరక్కుండా రాలిపోయేది నాకు రచనలా కనబడలేదు మరి.

మార్గశిర లక్ష్మీవారాలకి ఒడియా ఆడవాళ్లు గోడల మీద వేసే ఝొటి, సరిహద్దు పక్కనున్న అమ్మమ్మ ఊరి నుంచి అమ్మతో మా ఇంటికొచ్చింది. బుధవారం జీడి బట్టీ నుంచి వచ్చాక నానిన బియ్యం రుబ్బురోట్లో వెన్నలా రుబ్బేది. నీళ్లు పోసి పలచన చేసేది. మరీ పలచనైతే గోడ మీద కారిపోతుంది, చిక్కగా ఉంటే ఆరాక పెచ్చులూడుతుంది. పుల్లకి పాత చీరపేలిక చుట్టి ముంచేది. పిండిలోని గంజే జిగురు. పేడా ఎర్రమట్టీ అలికిన గోడ నీళ్లు పీల్చుకుని పిండిని పట్టుకునేది. తడి మీద గీత సరిగా కనబడదు, ఆరేకొద్దీ తెల్లబడుతుంది. అంటే సగం బొమ్మ అమ్మ చూడకుండానే వేసేదన్నమాట. జీడిపిక్కలు ఒలిచి ఒలిచి, ఆ జిడ్డుకి కాలి నల్లబడ్డ వేళ్లు. వాటి కింద వరికంకులు, లక్ష్మి పాదాలు. తెల్లారేసరికి చీమలు బారులు కట్టేవి. "తిననీ, వాటికే కదా" అనేది.

2016లో నాన్న పోయాడు. ఆ మార్గశిరంలో అలవాటుగా బియ్యం నానబోస్తుంటే మా మేనత్త, "నువ్వింక లక్ష్మి పాదాలు వెయ్యకూడదమ్మా" అంది మెల్లగా, దయగానే. అమ్మ ఆ బియ్యం వార్చి అట్లు పోసింది. మేమంతా తిన్నాం. ఆ ఏడే నేను తెలుగు కథల్లో వైధవ్యం గురించి ఒక సదస్సులో పత్రం చదివి చప్పట్లు కొట్టించుకున్నాను. అత్తతో ఒక్క మాట అనలేదు. తర్వాత 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను కొబ్బరిచెట్లతోపాటు ఆ మట్టిగోడనీ పడగొట్టింది. ఇప్పుడు శ్లాబు ఇల్లు, నున్నటి డిస్టెంపరు గోడలు.

అప్ప అడిగింది చెప్పగానే అమ్మ నవ్వింది. "దెయ్యానికా? దెయ్యానికైతే నానెయ్యొచ్చేటి?"

వెటకారమో నిజంగా అడిగిందో తెలీలేదు. వెయ్యొచ్చన్నాను. సీతంపేట కొండల్లో సవరలు ఎర్రమట్టి గోడల మీద ఇదే బియ్యప్పిండితో చచ్చిపోయినవాళ్ల కోసం బొమ్మలు వేస్తారని చెప్పాను. ఒడిశా కొండల సవరల బొమ్మల గురించి వెరియర్ ఎల్విన్ 1955లో అచ్చయిన పుస్తకంలో విస్తారంగా రాశాడు, నేను చదివాను కూడా. హాలోవీన్ కూడా చచ్చినవాళ్లు తిరిగొస్తారని పూర్వం నమ్మిన రాత్రే అన్నాను. అమ్మ సగం విని మిక్సీ కడగమంది.

డిస్టెంపరు మీద పిండి జారిపోయింది. రంగు వెయ్యని నూతిగట్టు మీద నిలిచింది. వీడియో కాల్లో మనవరాలు "కళ్లు పెద్దవి పెట్టు అమ్మమ్మా" అని అరుస్తోంది. అమ్మ పెద్ద కళ్లు పెట్టింది. దెయ్యం చుట్టూ, ఎవరూ అడక్కుండానే, వరికంకులు మొదలెట్టింది. తొమ్మిదేళ్లుగా గియ్యని చెయ్యి కాస్త వణికింది గానీ కంకి వంపు తప్పలేదు.

మేనత్త దడి మీంచి తొంగిచూసింది. "ఏటదీ?"

"దెయ్యం" అంది అమ్మ, పేలిక మళ్లీ పిండిలో ముంచుతూ.