మన పాదానికి సరిపడే బోర్డు



స్కేట్‌బోర్డు కొనాలంటే ఏం చూసి కొనాలి అని గ్రూపులో తమ్ముళ్ళు, చెల్లెళ్ళు అడుగుతున్నారు. మా హాస్టల్లో నలుగురం కలిసి ఒకటి కొన్నాం. పెళ్ళిళ్ళ సీజన్లో క్యాటరింగ్‌కి వెళ్ళి దాచిన డబ్బులవి. ఒక్కటే కొనగలం కాబట్టి నెల రోజులు చదివాం, వీడియోలు చూశాం, కొట్టుకున్నంత పని చేశాం. తెలుసుకున్నది రాస్తున్నాం.

"ఇది మనోళ్ళ ఆట కాదు" అనేవాళ్ళకి ముందుగా ఒక మాట. మధ్యప్రదేశ్ పన్నా జిల్లాలో జన్వార్ అనే ఊరుంది. అక్కడ 2015లో ఉల్రికే రైన్‌హార్ట్ అనే జర్మన్ ఆవిడ పిల్లల కోసం స్కేట్‌పార్క్ కట్టించారు. బడికి పోకపోతే బోర్డు ఇవ్వరు, ముందు వంతు ఆడపిల్లలది. అవీ అక్కడి నియమాలు. ఆ ఊరి ఆదివాసీ అమ్మాయి ఆశా గోండ్ 2018లో చైనాలోని నాన్‌జింగ్‌లో ప్రపంచ పోటీల దాకా వెళ్ళింది. కాబట్టి ఆ మాట పక్కన పెట్టేద్దాం.

ఇక బోర్డు సంగతి. మనం నిలబడే చెక్కని డెక్ అంటారు. మేపుల్ కలపని పల్చటి పొరలుగా తీసి, మామూలుగా ఏడు పొరలు జిగురుతో అంటించి అచ్చులో నొక్కుతారు. ఎక్కువ పొరలు నిలువుగా, ఒకటి రెండు అడ్డంగా వేస్తారు. అందుకే మీద దూకినా తొందరగా చీలదు.

ఆకారంలో ఎక్కువ కనిపించేది పాప్సికిల్. పుల్ల ఐసు పుల్లలా రెండు కొసలూ గుండ్రంగా ఉంటాయి. ముందు కొస నోస్, వెనక కొస టెయిల్. నోస్ కొంచెం పెద్దగా ఉంటుంది. రెండూ పైకి లేచి ఉంటాయి. టెయిల్‌ని కాలితో నేలకి కొట్టి, చేత్తో పట్టుకోకుండా బోర్డుతో సహా గాల్లోకి లేవడాన్ని ఒల్లీ అంటారు. 1970ల చివర్లో అమెరికాలోని ఫ్లోరిడాలో అలన్ గెల్ఫాండ్ మొదలుపెట్టాడు. ట్రిక్కులు నేర్చుకోవాలంటే పాప్సికిల్ మంచిది. ఊరికే రోడ్డు మీద సాఫీగా పోవాలంటే వెడల్పాటి పాతకాలం ఆకారాలు, క్రూజర్లు హాయిగా ఉంటాయి.

పొడవు కన్నా వెడల్పు ముఖ్యం. 7.5 నుంచి 8.5 ఇంచుల దాకా ఎక్కువగా దొరుకుతాయి. సన్నటిది తేలిగ్గా తిరుగుతుంది, వెడల్పుది కాళ్ళ కింద నిలకడగా ఉంటుంది. ర్యాంపుల మీద ఆడేవాళ్ళు వెడల్పువే తీసుకుంటారు. కింద చక్రాలు బిగించే ట్రక్కుల వెడల్పు కూడా డెక్‌కి సమానంగా ఉండాలి.

అసలు గొడవంతా కాన్కేవ్ దగ్గర. డెక్ బల్లలా చదునుగా ఉండదు, రెండు అంచులూ కొద్దిగా పైకి లేచి ఉంటాయి. అడ్డాకు డొప్ప గుర్తు తెచ్చుకోండి. విస్తరాకులా పరిచిన ఆకు మెత్తగా వాలిపోతుంది, అదే ఆకుని డొప్ప కుడితే బిగువు వస్తుంది. డెక్ కూడా అంతే, ఆ వంపు వల్ల గట్టిపడుతుంది. పైగా కిందకి చూడకుండానే అంచు ఎక్కడుందో పాదానికి తెలుస్తుంది. లోతు ఎక్కువైతే బోర్డు పాదం మాట వెంటనే వింటుంది, తిప్పడం సులువు, కాకపోతే ఎక్కువసేపు నిలబడితే అరికాలు నొప్పెడుతుంది. లోతు తక్కువైతే నిలబడ్డానికి సుఖం, కొత్తవాళ్ళకి భయం తక్కువ. ఒకే అచ్చులో నాలుగైదు డెక్కులు కలిపి నొక్కితే వాటి వంపు కూడా కొంచెం తేడాగా వస్తుంది. అందుకే వీలైతే షాపులో కంటి ఎత్తుకి పెట్టి, టెయిల్ వైపు నుంచి చూసి తీసుకోండి.

మా నలుగురి పాదాలు 6 నుంచి 9 సైజు దాకా ఉన్నాయి. మెస్‌లో అట్టపెట్టెలు అడిగి 7.75, 8, 8.25, 8.5 ఇంచుల వెడల్పున కత్తిరించాం. ఒక్కొక్కరం ఎక్కి నిలబడి చూశాం. ఆ రాత్రి ఒక విషయం అనిపించింది. ఆశ్రమ పాఠశాలలో బూట్లు వచ్చేవి. కొలతలు రాసుకునేవాళ్ళు, చేతికి మాత్రం ఏదో ఒకటి వచ్చేది. పెద్దవైతే ముందు గుడ్డ కుక్కుకుని తొడుక్కునేవాళ్ళం. దుప్పటి, ప్లేటు, చివరికి ఇంటర్‌లో గ్రూపు కూడా అలాగే వచ్చాయి. "నీకు ఏది సరిపోతుంది?" అని మమ్మల్ని ఎవరూ అడగలేదు, మేమూ అడుక్కోలేదు. ఇంట్లో అలా కాదు. మా నాన్నలు గొడ్డలికి కామ వేస్తే పది కర్రలు పట్టుకుని చూసి, చేతికి కుదిరింది చెక్కుకుంటారు. ఎంచుకోవడం మనకి తెలిసిన పనే.

చివరికి 8.25 ఇంచులు, తక్కువ కాన్కేవ్ తీసుకున్నాం. 6 సైజు వాడికి కొంచెం వెడల్పే, అయినా నిలబడగలుగుతున్నాడు. 9 సైజు వాడి మడమ బయటికి రావట్లేదు. హాస్టల్ వెనక సిమెంటు నేల గరుకుగా ఉంటుంది కాబట్టి చక్రాలు కొంచెం మెత్తనివి వేయించాం. ఇంకా ఎవరికీ ఒల్లీ రాలేదు. మోకాళ్ళు మాత్రం నలుగురివీ చెక్కుకుపోయాయి.

మీరు కొనేటప్పుడు పక్కవాడి దగ్గర ఏముందో తర్వాత చూడండి. ముందు మీ పాదం కొలవండి, ఆడబోయే నేల చూసుకోండి, ట్రిక్కులా ప్రయాణమా తేల్చుకోండి. అట్ట కత్తిరించి నిలబడి చూడ్డానికి ఖర్చేమీ లేదు. ఏమైనా అడగాలంటే కింద రాయండి, నలుగురిలో ఎవరో ఒకరం జవాబు చెప్తాం.

జోహార్.