మేడ మీది వాటా లెక్క

సొంతింట్లో ఒక వాటా అద్దెకిచ్చినప్పుడు ఆదాయపు పన్ను చట్టం ఆ ఇంటిని రెండు ఇళ్లుగా చూస్తుంది. యజమాని కాపురముండే భాగం ఒకటి, అద్దెకిచ్చిన భాగం మరొకటి. ఉమ్మడి గోడ, ఉమ్మడి మెట్లు, ఒకే కరెంటు మీటరు ఉన్నా లెక్క మాత్రం విడివిడిగానే కట్టాలి.

నెల్లూరు తీరంలో ఈ లెక్క అవసరమైన కుటుంబాలు తక్కువేమీ కాదు. 2008లో కృష్ణపట్నం కొత్త రేవుగా పని మొదలుపెట్టింది. నేలటూరులో దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రం, పంటపాళెం వైపు వంటనూనె ఫ్యాక్టరీలు వచ్చాయి. పనికోసం వచ్చినవాళ్లకు ముత్తుకూరులోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ గదులు కావాల్సి వచ్చింది. కింద తాము ఉంటూ మేడ మీది వాటా అద్దెకివ్వడం ఈ ఊళ్లలో మామూలు సంగతి.

అద్దె ఎవరి ఆదాయమన్నది ముందు తేలాలి. డబ్బు ఎవరి చేతికి వస్తోందన్నదాన్ని చట్టం పట్టించుకోదు, ఇల్లు ఎవరిదన్నదే చూస్తుంది. తల్లి పేరున ఉన్న ఇంటి అద్దె కొడుకు ఖాతాలో పడినా అది తల్లి ఆదాయమే. పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద రాసిచ్చిన ఇంటి అద్దె భార్య లెక్కలోకి వస్తుంది. భర్తే తన ఇంటిని ఉచితంగా భార్య పేరున రాసిస్తే మాత్రం పన్ను కోసం అతన్నే యజమానిగా లెక్కిస్తారు. ఇల్లు ఇద్దరి పేరున ఉండి, వాటాలు దస్తావేజులో స్పష్టంగా ఉంటే ఎవరి భాగం వారు చూపుకోవాలి.

ఏడాది అద్దె నుంచి మొదట తీసేది ఇంటి పన్ను. పంచాయతీకి కట్టినా, నెల్లూరు కార్పొరేషన్‌కు కట్టినా, యజమాని తన జేబులోంచి ఆ ఏడాది నిజంగా కట్టిన మొత్తమే చెల్లుతుంది. బాకీ పెట్టిన పన్నుకు మినహాయింపు లేదు. మిగిలినదాంట్లో 30 శాతం మరమ్మతుల వంటి ఖర్చుల కింద తీసేస్తారు. దీనికి బిల్లులు అడగరు. ఒక్క రూపాయి ఖర్చు పెట్టకపోయినా 30 శాతం వస్తుంది, ఇంటి మీద లక్ష పోసినా అంతకు మించి రాదు.

ఈ ఏర్పాటు సామాన్యుడికి మేలైనదే. 2001లో మార్చక ముందు మరమ్మతులకూ వసూలు ఖర్చులకూ ఇచ్చింది నాలుగో వంతే. అయితే సముద్రం పక్క ఇంటికి ఈ 30 శాతం చాలదన్నది కూడా నిజం. మైపాడులోనో కోడూరులోనో ఉప్పుగాలికి రంగు త్వరగా పొట్టు రేగుతుంది, స్లాబు లోపలి ఇనుము తుప్పు పట్టి ఉబ్బి పెచ్చులు రాలుతాయి. 2021 నవంబరులో పెన్నా వరద ముంచెత్తినప్పుడు తడిసిన గోడలను ఆరబెట్టి బాగుచేయించడానికైన ఖర్చు కూడా ఆ 30 శాతంలోనే సర్దుకోవాలి. కొండ పక్క ఉదయగిరికీ, కెరటాల పక్క మైపాడుకూ ఒకే రేటు పెట్టడం లెక్క తేలిక కోసమే తప్ప న్యాయం కోసం కాదు.

ఇంటి అప్పు ఉంటే వడ్డీని విస్తీర్ణాన్ని బట్టి పంచాలి. కింద 900 చదరపు అడుగులు, పైన 600 ఉన్న ఇల్లు అనుకుందాం. మేడ మీది వాటా మొత్తంలో 40 శాతం. నెలకు 8,000 చొప్పున ఏడాది అద్దె 96,000. ఇంటి పన్ను 3,000 కడితే పై వాటాకు 1,200. అది పోగా 94,800. అందులో 30 శాతం, అంటే 28,440 తీసేస్తే 66,360. ఇంటి అప్పు వడ్డీ ఏడాదికి 1,20,000 అయితే పై వాటాకు 48,000. చివరికి పన్నుకు వచ్చే ఆదాయం 18,360 రూపాయలు. కింది భాగానికి చెందిన 72,000 వడ్డీ పాత పన్ను పద్ధతిలో చెల్లుతుంది, దానికి పరిమితి రెండు లక్షలు. కొత్త పద్ధతిలో సొంత కాపురం ఇంటి వడ్డీకి మినహాయింపు లేదు. అప్పు పూర్తిగా మేడ కోసమే తెచ్చిందయితే వడ్డీ అంతా మేడకే చెందుతుంది, అందుకే బ్యాంకు కాగితాల్లో అప్పు దేనికన్నది స్పష్టంగా ఉండాలి.

అద్దె అన్నదంతా ఇంటి ఆదాయం పద్దు కిందికి రాదు. మంచాలు, ఏసీతో కలిపి విడదీయడానికి వీల్లేకుండా ఒకే మొత్తంగా తీసుకుంటే అది ఇతర ఆదాయం. భోజనం పెట్టి బస ఇస్తే వ్యాపారం. పొలంలో ఉన్న ఇంట్లో వాటాను కాపురానికి అద్దెకిస్తే ఆ అద్దె వ్యవసాయ ఆదాయం కాదు. వరి పంటకున్న మినహాయింపు దానికి రాదు. రొయ్యల గుంతల ఆదాయానికి కూడా ఆ మినహాయింపు లేదు.

వాటా ఖాళీగా ఉన్న నెలలకు రాని అద్దె మీద పన్ను పడదు. బంధువులకు నామమాత్రపు అద్దెకిస్తే మాత్రం ఊళ్లో అలాంటి వాటాకు రాదగిన అద్దెనే లెక్కలోకి తీసుకోవచ్చు. తిరిగివ్వాల్సిన అడ్వాన్సు ఆదాయం కాదు, దాన్ని అద్దెకు జమ కట్టుకున్నప్పుడు ఆదాయమవుతుంది. పాత బాకీ తర్వాత వసూలైతే వచ్చిన ఏడాదే చూపాలి, దాని మీద కూడా 30 శాతం తగ్గుతుంది.

చిన్న అద్దె ఎవరికీ తెలియదన్న నమ్మకంతో దాన్ని రిటర్నులో రాయని ఇళ్లున్నాయి. అది అనవసరమైన ప్రమాదం. కిరాయిదారు ఇంటి అద్దె భత్యం మీద మినహాయింపు కోరే ఉద్యోగి అయి, ఏడాది అద్దె లక్ష దాటితే, అతను యజమాని పాన్ నంబరు ఇచ్చి తీరాలి. 2025-26లో కొత్త పద్ధతిలో జీతం, అద్దె, వడ్డీల వంటివన్నీ కలిపి 12 లక్షలు దాటని వ్యక్తికి రిబేటు వల్ల పన్నే ఉండదు. అయినా రిబేటుకు ముందు మొత్తం ఆదాయం నాలుగు లక్షలు దాటితే రిటర్ను వేయాలి. 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 చట్టం స్థానంలో 2025 చట్టం వచ్చినా ఇంటి అద్దె లెక్క తీరు అదే. అద్దె బ్యాంకు ద్వారా తీసుకుని, ఇంటి పన్ను రసీదులు, వడ్డీ పత్రం, వాటాల కొలతలున్న ప్లాను ఒకచోట ఉంచుకున్న యజమానికి రిటర్ను వేళ ఇంకేమీ వెతుక్కునే పని ఉండదు.