చెయ్యి ఇడువకు బిడ్డా

కరీంనగర్ బస్సు హైదరాబాద్ జేబీఎస్‌లో దించింది. అక్కడి నుంచి మెట్రో. 2020 ఫిబ్రవరి 7న మొదలైన ఈ దారిలో ఎంజీబీఎస్ దాకా 9 స్టేషన్లు, సరిగ్గా నడిమిది ఆర్టీసీ క్రాస్ రోడ్స్. ముషీరాబాద్ దాటకముందే లేచి తలుపు దగ్గర నిలబడ్డాను.

1990 ఎండాకాలంలో మా కాక నన్ను ఈ చౌరస్తాకు సిటీ బస్సులో తీసుకొచ్చాడు. నాకు తొమ్మిదేళ్లు. దిగితే జనమే తప్ప రోడ్డు కనబడలేదు. తలెత్తితే కటౌటు, దాని మెడలో బారెడు బంతిపూల దండ. "చెయ్యి ఇడువకు బిడ్డా, తప్పిపోతవ్" అంటూ కాక నా మణికట్టు పట్టుకుని ఇనుప కటకటాల లైనులోకి దూరాడు. బుకింగ్ కన్నంలో ఒక చెయ్యి పట్టే చోట నాలుగు చేతులు. కాక చెయ్యి బయటికి వచ్చేసరికి మోచెయ్యి గీరుకుపోయి ఉంది, గుప్పిట్లో చెమటకు తడిసిన రెండు టికెట్లు. సినిమా కథ మరిచిపోయాను. ఆ టికెట్లను మరవలేదు.

ఇప్పుడు స్టేషన్‌లో నిలబడితే నేనే కటౌటంత ఎత్తున ఉన్నాను. నా మీద నుంచి ఇంకో దారి: 2023 ఆగస్టు 19న తెరిచిన స్టీల్ బ్రిడ్జి, ఇందిరా పార్కు నుంచి వీఎస్టీ దాకా, మెట్రోను కూడా దాటి పైనుంచి పోతుంది. దాని మీద పోయేవాళ్లకు ఈ సిగ్నల్‌తో పని లేదు. వాళ్లకు సమయం కలిసొస్తుంది, నిజమే. కానీ ఒకప్పుడు ఆగడానికే ఇక్కడికి వచ్చేవాళ్లం.

మెట్లు దిగాను. సుదర్శన్ 70 ఎంఎం థియేటర్ లేదు, పాత ఓడియన్ లేదు. దేవి, సంధ్య ఉన్నాయి. టికెట్లు ఫోన్లలోకి వెళ్లిపోయాయి. అశోక్‌నగర్ వైపు నుంచి పోటీ పరీక్షల పుస్తకాలు పట్టుకుని పిల్లలు వస్తున్నారు. వాళ్ల మాటల్లో మా జిల్లా యాస వినబడి ప్రాణం లేచొచ్చింది.

సంధ్య ముందు మాత్రం కాళ్లు కదల్లేదు. 2024 డిసెంబరు 4 రాత్రి, కుటుంబంతో ప్రీమియర్‌కు వచ్చిన ఒక తల్లి ఇక్కడి తొక్కిసలాటలో చనిపోయింది. ఆమె కొడుకు చావు అంచుదాకా వెళ్లాడు. మా ఇద్దరినీ ఆనాడు నలిపింది కూడా అలాంటి జనమే. ఆ జనాన్నే ఇన్నేళ్లూ పండగలా తలుచుకున్నాను.

కాక పట్టుకున్న మణికట్టును రెండో చేత్తో పట్టుకుని, సిగ్నల్ పడేదాకా అక్కడే ఉన్నాను.