తిప్పితే ఆరే నెగడు

ఆ రోజు మా వ్యాన్‌లో బయల్దేరింది అయిదుగురు మనుషులు, ఒక గ్యాస్ బండ. మధ్య వరసలో నాయనకీ మా అబ్బాయికీ నడుమ దాన్ని నిటారుగా నిలబెట్టి సీటు బెల్టు బిగించాడు మా ఆయన. ఎండ తగలకుండా పైన తువ్వాలు కప్పాడు. అద్దాలు రెండంగుళాలు దించి ఉంచమన్నాడు. నాయన బండను ఒకసారి, అల్లుడిని ఒకసారి చూశాడు.

"మా ఆత్మకూరులో సైకిలుకి రెండు పక్కలా రెండు తగిలించుకొని పోతారు బాబూ," అన్నాడు. బెల్టు మాత్రం విప్పలేదు.

దానికి జోడు సరుకు వెనక డిక్కీలో ఉంది. పెద్ద మూకుడులాంటి ఇనుప పళ్లెం, అందులో చిల్లులున్న గుండ్రటి గొట్టం, పదడుగుల రబ్బరు పైపు, ఒక సంచీడు లావా రాళ్లు. ఇక్కడ దీన్ని ఫైర్ పిట్ అంటారు. పిట్ అంటే గొయ్యి కదా, ఇందులో గొయ్యి ఎక్కడుందో నాకింతవరకూ కనపడలేదు. మా అమ్మ చూసీ చూడగానే కుంపటి అంది. మా ఇంట్లో అదే పేరు ఉండిపోయింది.

కుంపటి రాకముందు మేమూ కట్టెల నెగడు మనుషులమే. 2017లో బిగ్ బేసిన్ అడవిలో రెండు రాత్రులు గుడారాలేసుకొని ఉన్నాం. 1902లో పెట్టిన పార్కు, కాలిఫోర్నియా స్టేట్ పార్కుల్లో అన్నిటికన్నా పాతది. మెడ నొప్పి పుట్టేదాకా తలెత్తినా కొస కనిపించని రెడ్‌వుడ్ చెట్లు. మా ఆయనా అతని స్నేహితులూ క్యాంపులోనే కట్టెల మోపులు కొన్నారు. కట్టెలు సరిగ్గా ఆరినవి కావు. ఊదినవాళ్లు ఊదుతూనే ఉన్నారు, పొగ ఎటు కూర్చున్నా మా మొహానికే వచ్చింది. తెల్లారేసరికి దుప్పట్లు, జుట్టు, కారు సీట్లు అన్నీ పొగ వాసన. అబద్ధమెందుకు, ఆ వాసన నాకు ఇష్టంగానే ఉండింది. ఆ రాత్రులు కప్పుకున్న శాలువాను వారం దాకా ఉతకలేదు.

2020 ఆగస్టు నడిమిలో వాన లేని పిడుగులు పడ్డాయి. బిగ్ బేసిన్ దాదాపు అంతా కాలిపోయింది. సెప్టెంబరు 9న మా బే ఏరియాలో తెల్లవారలేదు. గడియారం తొమ్మిది చూపిస్తోంది, కిటికీలో ఆకాశం పండిన కమలాపండు తొక్క రంగులో ఉంది, వీధి దీపాలు ఇంకా వెలుగుతూనే ఉన్నాయి. లైట్లు వేసుకొని ఉప్మా చేశాను. కారు మీద బూడిద ముగ్గుపిండిలా పడి ఉంది. మా అబ్బాయి వేలితో దాని మీద పేరు రాయబోతే, ఎందుకో గట్టిగా కసిరాను. బిగ్ బేసిన్‌ని కాల్చింది పిడుగు, మా నెగడు కాదు. ఆ సంగతి తెలిసినా, ఆ శాలువా వాసన గుర్తొస్తే ఇదివరకటిలా ఉండడం లేదు.

మరుసటి ఏడు లాసెన్ అడవుల దగ్గర చోటు బుక్ చేసుకుంటే, జులై 13న అంటుకున్న డిక్సీ కార్చిచ్చు మా ప్రయాణాన్నే కాదు, గ్రీన్‌విల్ అనే ఊరిని కూడా మింగేసింది. అది పూర్తిగా ఆరేసరికి 9 లక్షల 63 వేల ఎకరాలు పోయాయి. అందుకే నాయనావాళ్లు రెండోసారి వచ్చిన ఏడాది మళ్లీ అటే పోదామనుకున్నప్పుడు, మా ఆయన ముందుగా కొన్నది గుడారం కాదు, కుంపటి.

కొన్న కొత్తలో దాన్ని పెరట్లో పెట్టి మరిచిపోయాం. జనవరి వానలకు లావా రాళ్లు నాని ఉన్నాయి. అవి బెజ్జాల రాళ్లు, స్పంజిలా నీళ్లు తాగుతాయి. ఒక సాయంత్రం వెలిగించగానే లోపలి నీళ్లు ఆవిరై, ఒకటి టపీమని పేలింది. మరొకటి పేలింది. మంగలంలో పేలాలు వేగినట్టే. ఒక ముక్క ఎగిరొచ్చి నా శాలువాకి చిల్లు పెట్టింది. పాత శాలువాయే. ఆ రాళ్లను రెండ్రోజులు ఎండబెట్టాక గానీ మళ్లీ ముట్టించలేదు.

ప్రయాణం రోజు రెడింగ్ దాటి 44వ నెంబరు రోడ్డెక్కాక కొండల మీద కాలిన చెట్లు మొదలయ్యాయి. మైళ్లకి మైళ్లు నల్లటి మోళ్లు, కింద మాత్రం పచ్చటి పొదలు. నాయన కిటికీకి ఆనుకుపోయాడు. ఆయన నల్లమలలో ఫారెస్టు గార్డుగా 30 ఏళ్లు చేశాడు. ఆ 30 ఏళ్లలో ఒక్క ఎండాకాలం కూడా మాతో సరిగ్గా ఇంట్లో లేడు.

"ఇది పైమంట," అన్నాడు. "సూడు, కొమ్మలు గూడా మిగల్లేదు. మా కాడ మంట మోకాలెత్తు దాటదు. రాలిన ఆకు కాల్చుకుంటా పోతాది. టేకుకి, నల్లమద్దికి కింద మాడినా పైన సిగురేస్తాది. ఈ చెట్లలో జిడ్డుండాది, కొసదాకా ఎగబాకుతాది."

హ్యాట్ క్రీక్ ఒడ్డున క్యాంపు. గేటు దగ్గరి బోర్డులో కట్టెలు, బొగ్గులు నిషేధం, తిప్పి ఆర్పే మర ఉన్న గ్యాస్ పొయ్యిలకు మాత్రం అనుమతి అని ఉంది. ప్రతి గుడారం ముందూ ఇనుప వలయం కట్టిన నెగడు గుంటలు ఖాళీగా పడి ఉన్నాయి. గాలికి చెట్ల సూదులు రాలి అందులో పోగయ్యాయి. పక్క గుడారంవాళ్లు దాంట్లో చెప్పులు పెట్టుకున్నారు.

చీకటి పడింది. మా ఆయన నేల మీది ఎండు సూదులన్నీ చుట్టూ మూడడుగుల మేర ఊడ్చి, కుంపటి మధ్యలో పెట్టి, పైపు బిగించి, బండ మర గిర్రున తిప్పాడు. లైటరు అంటించాడు. వచ్చింది మంట. కార్తీక దీపం వత్తంత.

ఎంత తిప్పినా అంతే. బండ ఖాళీ ఏమో అన్నాను. నాయన ఎత్తి చూసి, నిండుగానే ఉందన్నాడు. అమ్మ తడిగుడ్డ తెమ్మంది. మా ఇంట్లో గ్యాస్ ఎంతుందో చూసుకోవడానికి బండను తడిగుడ్డతో తుడుస్తారు, లోపల గ్యాస్ ఉన్నంత మేరా తడి ఆలస్యంగా ఆరుతుంది. ఆ పరీక్ష కూడా పాసయ్యింది. చివరికి పక్క ట్రెయిలరులోంచి ఒక ముసలాయన కాఫీ కప్పుతో వచ్చి, మీరు మర తొందరగా తిప్పారు కదా అని నవ్వాడు. ఇక్కడి రెగ్యులేటర్లో ఒక కాపలా ఉంటుందట. గ్యాస్ ఒక్కసారిగా దూసుకొస్తే పైపు ఎక్కడో తెగిందనుకొని తనంతట తానే దారి మూసేసి, బొట్టుబొట్టుగా మాత్రమే వదులుతుంది. అన్నీ కట్టేసి, పైపు విప్పి, కాసేపు ఆగి, మళ్లీ బిగించి, ముందు కుంపటి మర మూసే ఉంచి, బండ మరను నిదానంగా తిప్పాలి. టక్కుమని తగిలించే మన రెగ్యులేటరుకి ఈ అలకలు తెలియవు.

మళ్లీ బిగించాక నాయన గిన్నెలు తోమే సబ్బు నీళ్లలో కలిపి పైపు అతుకుల మీద రాశాడు. బుడగ రాలేదు. ఈసారి ముట్టిస్తే మంట రాళ్ల సందుల్లోంచి జానెడెత్తు లేచింది. పొయ్యి మీది నీలం మంట కాదు, కట్టె మంటలాగే పసుపు. కావాలనే అలా మండేట్టు చేస్తారు, లేకపోతే ఎవరు కూర్చుంటారు దాని ముందు?

అమ్మ వెంటనే సంచీలోంచి మొక్కజొన్న కంకులు తీసింది. దీని మీద ఏమీ కాల్చకూడదని పుస్తకంలో రాసుందత్తయ్యా, కారితే గొట్టం చిల్లులు పూడుకుంటాయి అన్నాడు మా ఆయన.

"కంకి కాల్చుకోను గూడా పనికిరాకపోతే ఏం మంట బాబూ ఇది?"

దానికి అతని దగ్గర జవాబు లేదు, నా దగ్గరా లేదు. వంట స్టవ్వు మీద కాల్చింది. ఆ పొద్దు మా ఆయన మొహం కూడా కంకిలాగే మాడింది. కట్టెల నెగడు దగ్గర మనిషికో పని ఉంటుంది. ఒకరు ఎగదోస్తారు, ఒకరు ఊదుతారు, పుల్లతో నిప్పు గెలకకుండా పిల్లల్ని ఆపడం ఇంకొకరి పని. ఇక్కడ మర తిప్పిన తర్వాత ఎవరికీ పని లేదు. అందరం చేతులు చాచి కూర్చున్నాం. మంట పైకే పోతోంది, కాళ్లకి వెచ్చదనం తగలడం లేదు. పైగా దాని శబ్దం, సన్నగా ఆగకుండా బుస్సుమంటూ. చిటపట లేదు. ఇది నెగడు కాదు, ఉత్త స్టవ్వు అని మా ఆయన మూడుసార్లు అన్నాడు. కొన్నది ఆయనే.

నాయనకి మాత్రం అది తెగ నచ్చింది. మంటను వదిలేసి మర దగ్గర కూర్చున్నాడు. తగ్గించడం, పెంచడం, పూర్తిగా ఆర్పడం, మళ్లీ ముట్టించడం. మనవడికీ ఆయనకీ అదే ఆట.

"ఆర్పితే ఆరిపోయిందిరా," అన్నాడు వాడితో, ఏదో వింత చూసినట్టు.

మర్నాడు రోడ్డవతల సబ్‌వే కేవ్‌కి వెళ్లాం. లావా పారినప్పుడు పైన గడ్డకట్టి, లోపలిది జారిపోతే మిగిలిన సొరంగం. బయట ఎండ మాడుస్తున్నా లోపల స్వెట్టరు కావాలి. టార్చి వెలుగులో గోడలు చూస్తూ నాయన ఆగిపోయాడు. "ఏమ్మా, ఈ చుట్టూతా ఉండేదంతా నీ కుంపట్లో రాయే గదా. దుడ్డిచ్చి కొంటిరా దాన్ని?" సొరంగమంతా మా అబ్బాయి నవ్వు తిరిగింది. బయటికొచ్చాక వాడు ఒక రాయి జేబులో వేసుకోబోతే, తియ్యకూడదని నాయనే తీయించాడు. ఏ దేశమైనా గార్డు గార్డే.

సాయంత్రం రేంజరమ్మ వచ్చింది. కుంపటి చూసి, మర ఎక్కడుందో చూపించమంది, ఊడ్చిన నేల చూసి తలూపింది, పారా నీళ్ల బకెట్టూ ఉన్నాయా అని అడిగింది. పర్మిట్ అడుగుతుందని నేను ఫోను తీసేలోపే నాయన లేచి నిలబడి ఉన్నాడు. ఆయన నిలుచున్న తీరు చూస్తే నాకు చిన్నప్పటి ఖాకీ చొక్కా గుర్తొచ్చింది. "మీ బీటు ఎన్ని కిలోమీటర్లో అడుగురా," అన్నాడు మనవడితో. వాడు అడిగాడు. ఆవిడ నవ్వి రెండు చేతులూ బార్లా చాపింది.

మీరు మంటలు దేంతో ఆర్పుతారని ఆవిడ ఎదురడిగింది. నాయన పక్కనున్న చెట్టు కొమ్మ చూపించి, నేల మీద కొట్టినట్టు చేసి చూపించాడు. పచ్చి కొమ్మ. మార్చిలో ఇప్పపువ్వు ఏరుకోడానికి చెట్ల కింద ఆకు కాలుస్తారు, ఎవరో బీడీ పారేస్తారు, బోదగడ్డి అంటుకుంటుంది. చెంచు ఫైర్ వాచర్లూ ఆయనా కొమ్మలు విరుచుకొని వరసగా కొట్టుకుంటూ పోయేవాళ్లు. మా అబ్బాయి ఇదంతా తన ఇంగ్లీషులో చెప్తుంటే ఆవిడ ట్రక్కు దగ్గరికెళ్లి ఒక పనిముట్టు తెచ్చి నాయన చేతికిచ్చింది. ఒక వైపు గొడ్డలి, మరో వైపు పార. పులాస్కీ అంటారు. 1910 మహా కార్చిచ్చులో తన మనుషులను గని సొరంగంలోకి తోలుకెళ్లి ఎక్కువమందిని బతికించుకున్న ఎడ్ పులాస్కీ అనే ఇడాహో రేంజరు పేరుమీద వచ్చింది. నాయన దాన్ని అటూ ఇటూ తిప్పి, బరువు చూసి, నేల మీద ఒక్క వేటు గీసి తిరిగి ఇచ్చాడు. "ఇదుంటే..." అని ఆగిపోయాడు. మా అబ్బాయి అనువదించడానికి ఎదురుచూశాడు గానీ ఆ మాట ఇంకా రాలేదు.

రెండో రాత్రి మంట ముందు ఆ మిగతాది చెప్పాడు. బైర్లూటి వైపు ఒక ఏప్రిల్‌లో రెండు రోజులు కొట్టి ఆర్పిన మంట, మూడో రోజు మధ్యాహ్నం ఒక మొద్దులోంచి మళ్లీ లేచిందట. బయట బూడిద చల్లగా ఉంది, లోపల వేరులో నిప్పు దాక్కుని ఉంది. మొదటినుంచీ మళ్లీ. అప్పటినుంచి ఆయన ఎక్కడ మంట ఆర్పినా మడమతో తొక్కి ఊరుకోడు. అరచెయ్యి తిప్పి వెనకవైపు పెట్టి చూస్తాడు. మా ఇంట్లో భోగి మంట దగ్గర కూడా ఆయన ఇలాగే చెయ్యి పెట్టి కూర్చుంటే, చిన్నప్పుడు అది పూజలో భాగమేమో అనుకునేదాన్ని.

మాటల్లో ఉండగానే మంట పొట్టిదవుతూ వచ్చింది. బండ చూస్తే సగానికి కిందుగా తెల్లటి మంచు పట్టీ. లోపల ద్రవం గ్యాసవుతూ తన వేడిని తానే లాక్కుంటుంది, అందుకే చుట్టూ గాలిలోని తేమ మంచై అంటుకుంటుంది. మా అబ్బాయి దాని మీద గోటితో వాళ్ల తాత బొమ్మ గీశాడు. ఇరవై పౌండ్ల బండ నిండుగా ఉంటే, పూర్తి మంట మీద ఏడు గంటలకు పైగా రావాలి. మేం మొదటి రాత్రి మూడు గంటలు, ఈ రాత్రి రెండున్నర కాల్చాం. మా ఆయన ఫోను లైటు వేసి బండ మీది చీటీ చదివాడు. ఖాళీ బండ ఇచ్చి నిండుది తెచ్చుకునే ఈ మార్పిడి బండల్లో పదిహేను పౌండ్లే నింపుతారట. చీటీలో చిన్నక్షరాల్లో ఉంది. ఆ తర్వాత అతను మాట్లాడలేదు.

మంట నీలంగా మారి, రెండుసార్లు ఎగిరి, పోయింది. మరలు రెండూ కట్టేశాం. బుస ఆగేసరికి ఏటి చప్పుడు వినిపించింది. రెండు రాత్రులుగా అది పక్కనే పారుతోందని అప్పుడు తెలిసింది. చలి ఒక్కసారిగా మీద పడింది. లేచి గుడారాల్లోకి పోయాం.

ఎప్పుడో మెలకువొచ్చింది. బయట అడుగుల చప్పుడు. ఎలుగుబంటేమోనని జిప్పు వేలెడు తీసి చూశాను. నాయన. మంకీ క్యాపు, నా పాత స్వెట్టరు. కుంపటి పక్కన గొంతుక్కూర్చుని చేతి వెనకవైపు రాళ్ల దగ్గరికి పెట్టాడు, వెంటనే తీసేశాడు. ఆరి అట్టే సేపు కాలేదు, రాళ్లలో వేడి ఇంకా ఉన్నట్టుంది. లేచి, బల్ల మీది నీళ్ల సీసా తీసుకొని మూత తిప్పాడు.

"నాయనా, నీళ్లు పొయ్యొద్దు! రాళ్లు పేల్తాయి."

ఉలిక్కిపడి నా వైపు చూశాడు. "పొయ్యకుంటే ఎట్ల? వేడిగుండాది గదా."

"దానంతట అదే చల్లారుతుంది. పడుకో పో."

కాసేపు సీసా పట్టుకొని కుంపటి మీదికి వంగి అలాగే నిలబడ్డాడు. తర్వాత సీసా ఎత్తి తను తాగి, మూత పెట్టి, కుర్చీ లాక్కొని కూర్చున్నాడు.