బుట్టలో వేయండి

జనవరి 26, 2025, ఆదివారం

టీవీలో కర్తవ్య పథ్, గణతంత్ర దినోత్సవ కవాతు. మన రాష్ట్ర శకటం మీద ఏటికొప్పాక లక్కబొమ్మలు. అయిపోయిందో లేదో మావయ్య ఫోను. "చూసేవేట్రా అల్లుడూ? ఢిల్లీ ఎల్లిపోయేయి మన బొమ్మలు!"

రాత్రి మళ్ళీ చేశాడు. ఈసారి గొంతులో ఆ హుషారు లేదు. "బొమ్మ ఢిల్లీ ఎల్లింది సరే, ఢిల్లీవోడికి నచ్చితే యెక్కడ కొంతాడు?"

జనవరి 28

కొట్టు మధ్యాహ్నానికే మూసేశాను. ఈ నెల 8న మా నక్కపల్లి బల్క్ డ్రగ్ పార్కుకి ప్రధాని విశాఖలో శంకుస్థాపన చేసినప్పటి నుంచి నా కొట్టుకి ప్రింట్లకీ జెరాక్సులకీ కొత్త మొహాలు వస్తున్నాయి. అయినా సరే మూసేసి, అడ్డరోడ్డు మీదుగా ఏటికొప్పాక వెళ్ళాను.

లేతు మిషను మీద అంకుడు కర్ర గిర్రున తిరుగుతోంది. మావయ్య లక్క కడ్డీ ఆనించగానే ఆ రాపిడి వేడికే లక్క కరిగి రంగు పట్టేసింది. ఆ పైన మొగలి ఆకుతో మెరుగు. చేతులు ఆపకుండానే లెక్క చెప్పాడు: పెద్ద ఆన్‌లైన్ అంగట్లో పెడితే కమీషను పోతుంది, తిరిగొచ్చిన సరుకు ఖర్చు పోతుంది, కొన్న మనిషెవరో మాత్రం తెలియదు. నెలకింత అద్దె తీసుకుని ఆన్‌లైన్లో కొట్టు కట్టిచ్చే కంపెనీలూ ఉన్నాయని చెప్పాను. పని తేలికే. అద్దె ఆపిన నెల కొట్టుకి తాళం పడుతుంది.

మూడో దారి ఓపెన్‌సోర్స్ అన్నాను, ఎవరైనా తీసుకుని మార్చుకోగల ప్రోగ్రాము. "దానికి డబ్బులక్కర్లేదా?"

"ప్రోగ్రాముకి అక్కర్లేదు మావయ్యా."

నా జవాబు నాకే కొంచెం నీళ్ళు కలిపిన పాలలా అనిపించింది.

ఫిబ్రవరి 2

ఇంగ్లీషులో ఉచితానికీ స్వేచ్ఛకీ ఒకటే మాట, ఫ్రీ. అందుకే 1983లో గ్నూ పేరుతో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉద్యమం మొదలెట్టిన రిచర్డ్ స్టాల్‌మన్‌కి, తన ఉద్దేశం ధర గురించి కాదని జన్మంతా విడమరిచి చెప్పుకోవాల్సి వచ్చింది. మనకా తిప్పలు లేవు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. హైదరాబాదులో ఈ ఉద్యమం నడిపేవాళ్ళు సంస్థకి 'స్వేచ్ఛ' అనే పేరు పెట్టుకున్నారు.

మావయ్య అడిగింది ఉచితం గురించి. నేను మురిసిపోతున్నది స్వేచ్ఛని చూసి.

ఫిబ్రవరి 5

కొట్టు నడిపే ఓపెన్‌సోర్స్ ప్రోగ్రాముల్ని రాత్రుళ్ళు ఒక్కొక్కటే దించి చూస్తున్నాను. వూకామర్స్ 2011లో వర్డ్‌ప్రెస్ అనే సైట్ల ప్రోగ్రాము మీద పుట్టింది, 2015లో ఆటోమాటిక్ అనే కంపెనీ చేతికి వెళ్ళింది. ప్రెస్టాషాప్ ఫ్రాన్సులో పుట్టింది. బాగిస్టో మన నోయిడాది. మజెంటో భారీ సరంజామా. 2018లో అడోబీ 168 కోట్ల డాలర్లు పోసి కొన్నది. నలభై రకాల బొమ్మలకి మజెంటో అంటే కుంకుమ భరిణె తేవడానికి లారీ మాట్లాడినట్టే.

తేలికైనది ఒకటి ఎంచుకున్నాను.

ఫిబ్రవరి 9

ఉచితం ఖర్చులు: డొమైన్ పేరుకి ఏడాదికోసారి. సర్వరుకి ఏడాదికోసారి. ఫొటోలకి తెల్లగుడ్డ, రెండు లైట్లు. పార్సిలు పెట్టెలు. చెల్లింపుల గేట్‌వేకి అమ్మకానికింత: రెండు శాతం అనుకుంటే 350 రూపాయల బొమ్మ మీద 7 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, వెరసి 8 రూపాయల 26 పైసలు.

నా రాత్రుళ్ళకి ధర వేయలేదు. వేస్తే అద్దె కొట్టే చవక.

ఫిబ్రవరి 13

అయితే ఈ ఒక్క పని అద్దె కొట్లో ఇంత సులువుగా జరిగేది కాదేమో. 'యాడ్ టు కార్ట్' అన్న మీట తీసి 'బుట్టలో వేయండి' అని పెట్టాను. చిరునామా గడిలో 'దగ్గర్లో గుడో బడో ఉంటే రాయండి' అని చేర్చాను. బొమ్మ పక్కన, ఏ రంగు ఏ చెట్టుదో చెప్పే వరస ఒకటి: జాఫ్రా గింజలు, పసుపు, నీలి. ఎవరి అనుమతీ అడగలేదు. కోడ్ తెరిచాను, రాశాను, అంతే.

మరదలు చూసి, "బావా, ఇది మనింట్లో బుట్టలాగే ఉంది" అంది. ఇంతకన్నా మెచ్చుకోలు ఏం కావాలి?

ఫిబ్రవరి 20

ఏటికొప్పాక బొమ్మలకి భౌగోళిక గుర్తింపు 2017లో వచ్చింది. అంటే బొంగరం ఎవరైనా తిప్పొచ్చు, లక్క ఎవరైనా పట్టించొచ్చు, ఏటికొప్పాక పేరు మాత్రం ఊరికే పెట్టుకోకూడదు.

ఓపెన్‌సోర్సులోనూ అంతే. కోడ్ అందరిదీ, పేరు అందరిదీ కాదు. పోయిన సెప్టెంబరులో వర్డ్‌ప్రెస్ పేరు వాడకం మీద ఆటోమాటిక్‌కీ, సైట్లకి సర్వర్లు అద్దెకిచ్చే డబ్ల్యూపీ ఇంజిన్‌కీ తగువు ముదిరి, రెండో కంపెనీ సర్వర్లకి అప్‌డేట్లు వచ్చే దారే మూసేశారు. అక్టోబరులో అది కోర్టుకెక్కింది. గొడవ ఇద్దరు పెద్దలది. మధ్యలో బిక్కమొహం వేసింది చిన్న చిన్న సైట్లవాళ్ళు. తలుపులన్నీ తెరిచున్న ఇంట్లోనూ తాళంచెవుల గుత్తి ఎవరో ఒకరి మొలలో ఉంటుందన్నమాట.

మార్చి 1

మొదటి ఆర్డరు! హైదరాబాదు నుంచి. లక్కపిడతల సెట్టు.

కొన్నావిడ రాసింది: "పిల్లల బొమ్మలకి ఐఎస్ఐ గుర్తు ఉండాలట కదా?" ఉండాలి, 2021 జనవరి 1 నుంచి. కానీ భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకీ, హస్తకళల శాఖలో నమోదైన కళాకారుల బొమ్మలకీ మినహాయింపు ఇచ్చారు. ఆ సంగతి సైట్లో పెట్టాను. కొన్న మనిషితో ఇలా నేరుగా మాట్లాడటం మావయ్యకి కొత్త. ఆవిడ ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నాడు.

మార్చి 8

అర్ధరాత్రి ఏదో అప్‌డేట్ కనిపిస్తే నొక్కేశాను. బ్యాకప్ తీయలేదు. బుట్ట నిండుతోంది గాని డబ్బు కట్టే పేజీ తెల్లగా వస్తోంది. ఫోను చేద్దామంటే కంపెనీ లేదు. నా తప్పు మీద నేనే కేకలేసుకోవాలి.

హైవే మీద లారీల హోరు వింటూ తెల్లారేదాకా కూర్చున్నాను. నాలాగే చిక్కుకున్నవాడెవడో ఎక్కడో జవాబు రాసి పెట్టాడు. అదే గట్టెక్కించింది.

మార్చి 9

అలాగని అప్‌డేట్లు మానేయడానికీ లేదు. పాత మజెంటో 1కి మరమ్మతులు 2020 జూన్ 30తో ఆపేశారు. మారని కొట్లు మిగిలిపోయాయి. ఆ సెప్టెంబరులో రెండు మూడు రోజుల్లోనే దాదాపు 2 వేల కొట్లలో దొంగలు పడ్డారు, ఎక్కువ పాత మజెంటోవే. డబ్బు కట్టే పేజీలోనే కూర్చుని కార్డు నంబర్లు ఎత్తుకుపోయారు.

మార్చి 16, ఆదివారం

నిన్న జ్వరం, ఫోను ఆపేసి పడుకున్నాను. రెండు ఆర్డర్లు అలాగే ఉండిపోయాయి. ఈవేళ మావయ్యే నక్కపల్లి వచ్చాడు. కొట్లో స్టూలు మీద కూర్చుని కాసేపు కంప్యూటరు వైపు చూశాడు.

"నువ్వు మంచం పడితే కొట్టు పడకేసింది. అయితే ఇదీ అద్దె కొట్టే కదరా అల్లుడూ. ఓనరు నువ్వు."

నవ్వుతూనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

మార్చి 17

డొమైను నా పేరు మీదే ఉంది. సర్వరు నా మెయిలు మీద. ఓటీపీలు నా ఫోనుకి. కోడ్ స్వేచ్ఛ గురించి పేజీలు రాసుకున్నాను గాని, ఇది చూసుకోలేదు.

మార్చి 23

మరదలు రెండొందల పేజీల పుస్తకం కొనుక్కొచ్చింది. నేను చెబుతుంటే తను తెలుగులో రాసింది: ముందు బ్యాకప్. తర్వాత అప్‌డేట్. తర్వాత ఒక బొమ్మ మనమే కొని చూడాలి. పగలే చేయాలి, రాత్రి చేయకూడదు.

చివరిది నేను చెప్పలేదు. తనే రాసింది.

మార్చి 30, ఉగాది

పచ్చడి తిన్నాక డొమైనుని మావయ్య పేరు మీదికి మార్చడానికి కూర్చున్నాం. మీట నొక్కింది మరదలు. ఓటీపీ పంపామని తెర మీద వచ్చింది. అలవాటుగా నా జేబు తడుముకున్నాను. చప్పుడు లేదు.

లేతు పక్కన పెట్టిన ఫోను మోగింది. పండగపూటా మిషను దగ్గరే ఉన్నాడు మావయ్య. లక్క అంటిన వేళ్ళు పంచెకి తుడుచుకుని, ఫోను దూరంగా పట్టుకుని, ఒక్కొక్క అంకే గట్టిగా చదివాడు.